పచ్చడి సీసా మీద ఎవరి పేరు?

మొన్న ఆదివారం మా పిన్ని కూతురు గుంటూరు నుంచి విజయవాడ వచ్చింది. చేతుల్లో రెండు సంచులు. ఒకదాంట్లో గోంగూర పచ్చడి, నల్లకారం, కొత్తావకాయ. రెండోదాని నిండా కాగితాలు. పచ్చళ్లు వంటింటి గట్టు మీద పెట్టి, కాగితాల సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "అక్కా, ఇందులో ఏది పెట్టుకోవాలో నువ్వే చెప్పు. వారం రోజులుగా నిద్ర పట్టడం లేదు" అంది.

సంగతేమిటంటే, రెండేళ్లుగా అది ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాలోనూ అమ్ముతోంది. మొదట్లో అపార్ట్‌మెంట్‌లో వాళ్లే కొనేవాళ్లు. తర్వాత వాళ్ల చుట్టాలు, ఆ చుట్టాల చుట్టాలు. ఇప్పుడు నెలకి నూట యాభై పార్సిళ్లు వెళ్తున్నాయి. ఇంక సొంత వెబ్‌సైట్ పెట్టుకుందామనుకుంది. వెబ్‌సైట్‌లో డబ్బు కట్టించుకోవాలంటే పేమెంట్ గేట్‌వే కావాలి. దానికి కరెంట్ అకౌంట్ అడిగారు. బ్యాంకుకి వెళ్తే, వ్యాపారం పేరుతో ఏదైనా కాగితం తెమ్మన్నారు. ఆ కాగితం దగ్గర ఆగిపోయింది పాపం.

ఆగాక తలా ఒక మాట చెప్పారు. మరిది "ప్రైవేట్ లిమిటెడ్ పెట్టండి వదినా, గౌరవంగా ఉంటుంది" అన్నాడు. ఇంటాయన "ఎందుకంత హైరానా, నా పేరు మీద పెట్టేద్దాం, నాకు రిటర్న్స్ అన్నీ ఉన్నాయిగా" అన్నాడు. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితురాలు "ఇద్దరం సగం సగం చేద్దామే" అంది. ఎవరో కన్సల్టెంట్ వాట్సాప్‌లో ప్యాకేజీ ధరల పట్టిక పంపి, ఈ రాత్రికే ఆఖరు అన్నాడట.

ఆ కన్సల్టెంట్ సంగతి పక్కన పెడితే, మిగతా ముగ్గురూ దాని మేలు కోరి చెప్పినవాళ్లే. కానీ చెల్లెళ్లూ, వాళ్లలో ఎవరూ దాన్ని ఒక్క మాట అడగలేదు. రేపు ఏదైనా తేడా వచ్చి, బాకీ మిగిలి, అప్పిచ్చినవాడు వస్తే ఏ ఇంటి తలుపు కొడతాడు? ఎవరి పేరు పెట్టి పిలుస్తాడు? వ్యాపారానికి చట్టం ఇచ్చిన రకరకాల రూపాలన్నీ ఆ ప్రశ్నకి రకరకాల జవాబులే. నేను ఆ జవాబు తెలియకుండా ఒకసారి వ్యాపారం చేశాను. ఆ కథ కూడా చెబుతాను. ముందు ఇంటాయన మాట చూద్దాం.

ఒక్కరే చేసుకునే సొంత వ్యాపారాన్ని ప్రొప్రయిటర్‌షిప్ అంటారు. మన చుట్టూ ఉన్న కిరాణా కొట్లు, టైలరింగ్ షాపులు, బొటిక్‌లు ఎక్కువ భాగం ఇవే. దీన్ని పుట్టించడానికి ప్రత్యేకంగా ఒక రిజిస్ట్రేషన్ అంటూ లేదు. మీ పాన్ కార్డే వ్యాపారం పాన్ కార్డు. బోర్డు మీద ఏ పేరైనా రాసుకోండి, చట్టం కళ్లకి ఆ వ్యాపారం అంటే మీరే, మీరంటే ఆ వ్యాపారమే. ఈ ఆఖరి మాట జాగ్రత్తగా వినండి. ఎవరి పాన్ మీద ఉంటే వ్యాపారం వాళ్లది. తెల్లవారుజామున లేచి మామిడికాయలు తుడిచిందెవరు, కారం పాళ్లు కలిపిందెవరు, రాత్రి పదకొండింటికి కస్టమర్‌కి జవాబు రాసిందెవరు అన్నది ఏ కాగితంలోనూ ఉండదు.

మా వీధిలో ఒక అక్క ఉంది. పదకొండేళ్లు చీరల వ్యాపారం చేసింది. సరుకు ఎంపిక ఆమెదే, ఫోటోలు ఆమెవే, మంగళగిరి వెళ్లి నేతగాళ్లతో మాట్లాడింది ఆమే. జీఎస్టీ నంబరూ కరెంట్ అకౌంటూ మాత్రం ఆయన పేరు మీద. ఆయన చాలా మంచివాడు, రూపాయి దగ్గర కూడా ఎప్పుడూ మాట రాలేదు. ఒకరోజు ఉన్నట్టుండి గుండెనొప్పితో పోయాడు. ప్రొప్రయిటర్ పోతే ఆ వ్యాపారం కూడా ఆ రోజుతో ఆగినట్టే. అకౌంట్‌లో డబ్బు తీయడానికి వీల్లేదన్నారు. పాత జీఎస్టీ నంబరు రద్దు చేయించి తన పేరు మీద కొత్తది తీసుకోవాలన్నారు. కస్టమర్లు కట్టిన డబ్బు మధ్యలో ఇరుక్కుంది. పదకొండో రోజు కూడా కాకముందే ఆమె కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కోసం ఆఫీసు మెట్లు ఎక్కింది. తర్వాత తన పేరుతో మొదలుపెడదామని లోనుకి వెళ్తే, మూడేళ్ల రిటర్న్స్ చూపించమన్నారు. ఆమె ఒక్క రిటర్ను కూడా వేసి ఉండలేదు. పదకొండేళ్ల కష్టం ఆయన పేరున ఉన్న ఫైళ్లలో ఉంది.

అందుకే మా చెల్లికి గట్టిగా చెప్పాను. "మీ ఆయన మీద నమ్మకం లేక కాదు తల్లీ. నువ్వు చేసే పని నీ పేరు మీద ఉండాలి, అంతే. రిటర్ను నీది, అకౌంటు నీది, సీసా మీద లేబుల్‌లో పేరు నీది." అది కాసేపు ఏం మాట్లాడలేదు. "ఆయన ఏమనుకుంటారో అక్కా" అంది. "అడుగు, ఏమీ అనుకోడు. ఏమైనా అనుకుంటే అది కూడా ఇప్పుడే తెలియడం మంచిది" అన్నాను.

ఇంక దానికి సొంత వ్యాపారం సరిపోతుందా అంటే, ఇప్పటికి సరిపోతుంది. ఎందుకో చెబుతాను. ప్రొప్రయిటర్‌షిప్‌లో ఉన్న పెద్ద ప్రమాదం ఒక్కటే. వ్యాపారం బాకీకీ ఇంటి ఆస్తికీ మధ్య గోడ లేదు. వ్యాపారానికి అప్పు పడి కోర్టు డిక్రీ దాకా వస్తే మీ పేరున ఉన్న స్థలమూ బంగారమూ జప్తుకి వస్తాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కొన్నింటిని మాత్రం వదిలేస్తుంది. ఒంటి మీది బట్టలు, వంటపాత్రలు, పరుపులు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఒంటి మీదనుంచి తీయకూడని నగలు. అంటే సూత్రాలు మిగులుతాయి. మీ నాన్నగారు రాసిచ్చిన ప్లాటు మిగలదు.

అయితే అంత బాకీ మా చెల్లికి ఎక్కడ పడుతుంది? కస్టమరు ముందే డబ్బు కట్టి కొంటాడు. కారం, నూనె, బెల్లం అది రొక్కం పెట్టి కొంటుంది. అద్దె లేదు, జీతగాళ్లు లేరు, ఒక్క సాయమనిషి తప్ప. తిండి సరుకు కాబట్టి ఒకరికి తేడా చేస్తే అన్న భయం ఉంటుంది, దానికి మందు శుభ్రతా, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషనూ. ఆ 14 అంకెల నంబరు సీసా మీద ఉండి తీరాలి. ఇంతవరకూ అది నంబరు లేకుండానే అమ్మిందని విని కోప్పడ్డాను. అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని అదే.

బ్యాంకు అడిగిన కాగితానికి, చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ చాలావరకు పనికొస్తుంది. 2020 జులై 1 నుంచి నడుస్తోంది. ఆధార్ నంబరూ పాన్ నంబరూ ఉంటే ఇంట్లో కూర్చుని ప్రభుత్వ పోర్టల్‌లో మీరే చేసుకోవచ్చు, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. కన్సల్టెంట్ పట్టికలో దీనికి రూ. 2,500 రాసి ఉంది! అచ్చం ప్రభుత్వ సైట్ లాగే కనిపించే సైట్లు కూడా ఉన్నాయి, ఫీజు అడిగితే అది ప్రభుత్వానిది కాదని గుర్తుపట్టండి.

జీఎస్టీ సంగతిలో మాత్రం మనవాళ్లు చాలామంది పొరబడతారు. వస్తువులు అమ్మేవాళ్లకి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా, తెలంగాణలో 20 లక్షల దాకా జీఎస్టీ నంబరు అక్కర్లేదు అన్నది నిజమే. కానీ ఆ మినహాయింపు రాష్ట్రం లోపల అమ్మేవాళ్లకి. సరిహద్దు దాటి సరుకు పంపితే మొదటి పార్సిల్ నుంచే నంబరు తీసుకోవాలి, చేత్తో చేసిన హస్తకళా వస్తువుల్లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. 2014 జూన్‌కి ముందు గుంటూరు నుంచి హైదరాబాద్‌కి పచ్చడి పంపితే ఒకే రాష్ట్రం. ఇప్పుడు అది ఇంకో రాష్ట్రం. మా చెల్లి పార్సిళ్లలో సగానికి పైగా కూకట్‌పల్లి, మియాపూర్, ఎల్‌బీ నగర్ వెళ్తాయి. "కృష్ణా దాటి కాస్త ముందుకెళ్తే జీఎస్టీ వస్తుందా అక్కా" అని ఆశ్చర్యపోయింది. వస్తుంది. అదే ఆన్‌లైన్‌లో పిల్లలకి సంగీతమో లెక్కలో చెప్పేవాళ్లకైతే, అది సేవ కాబట్టి వేరే రాష్ట్రంలో పిల్లలున్నా 20 లక్షల దాకా అక్కర్లేదు.

పన్ను మాటకొస్తే, చిన్న వ్యాపారానికి సొంత పేరే చల్లని నీడ. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో మామూలు ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటుతో పన్ను లేదు. పైగా లెక్కల పుస్తకాలన్నీ రాయనక్కర్లేకుండా, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాల్లో కనీసం 6 శాతం లాభం చూపించి రిటర్ను వేసే వీలుంది. అంతకన్నా ఎక్కువ మిగిలితే ఉన్నదే చూపించండి. రేపు లోనుకి వెళ్లినప్పుడు ఆ అంకె మీ తరఫున మాట్లాడుతుంది. అదే భాగస్వామ్యమైనా, భాగస్వాముల బాధ్యతకి హద్దు ఉండే ఎల్ఎల్‌పీ అయినా మొదటి రూపాయి నుంచే 30 శాతం, దాని మీద సెస్సు.

మరిది చెప్పిన ప్రైవేట్ లిమిటెడ్ చెడ్డదని నేననను. చట్టం దృష్టిలో అది ఇంకో మనిషి పుట్టినట్టు. దానికి సొంత పాన్, సొంత ఆస్తి, సొంత బాకీ. మీరు పోయినా అది ఉంటుంది. పుట్టించడానికి ఖర్చు కూడా మనం భయపడినంత కాదు. లక్ష రూపాయల కనీస మూలధనం నిబంధన 2015లోనే పోయింది. 15 లక్షల దాకా అధీకృత మూలధనమైతే కేంద్రానికి కట్టే ఫైలింగ్ ఫీజు సున్నా. స్టాంపు డ్యూటీ, డిజిటల్ సంతకాలు, ఆడిటర్ గారి ఫీజు ఉంటాయి.

పెంచడమే కష్టం. ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. పెట్టిన 30 రోజుల్లో ఆడిటర్‌ని నియమించాలి. మూలధనం జమయిందని 180 రోజుల్లో డిక్లరేషన్ ఇవ్వాలి. ఏడాది మొత్తం ఒక్క సీసా అమ్మకపోయినా ఆడిట్ చేయించాలి. ఏటా రెండు ముఖ్యమైన ఫారాలు దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి రూ. 100, దానికి పై హద్దు లేదు. రెండూ మర్చిపోయి ఏడాది గడిస్తే రూ. 73,000. "అది నా మూడు నెలల మిగులు" అంది మా చెల్లి లెక్క వేసి. వరసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులు. 2017లో ఇలా 3 లక్షల మందికి పైగా డైరెక్టర్లని అనర్హులుగా ప్రకటించారు. మూసేద్దామన్నా, బకాయి ఫారాలన్నీ వేసి, రూ. 10,000 ప్రభుత్వ ఫీజు కట్టి అప్పుడు మూయాలి.

ఇక్కడ ఇంకో సంగతి మనసు విప్పి చెప్పాలి. కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు కావాలి కాబట్టి మన ఇళ్లలో భార్యనో వదిననో రెండో డైరెక్టరుగా వేస్తుంటారు. "ఊరికే సంతకం, ఏమీ ఉండదు" అంటారు. ఉంటుంది. ప్రైవేట్ కంపెనీ జీఎస్టీ బకాయి పడి, కంపెనీ నుంచి వసూలు కాకపోతే, ఆ కాలంలో డైరెక్టరుగా ఉన్నవాళ్లు తమ నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకోవాలి, లేకపోతే కట్టాలి. కంపెనీ చెక్కు బౌన్సయితే వ్యవహారాలు చూసేవాళ్ల మీద కేసు పడుతుంది, సంతకం పెట్టినవాళ్లు ముందు వరసలో ఉంటారు. మీ డిజిటల్ సంతకం ఉన్న ఆ చిన్న పెన్ డ్రైవ్ ఇంకొకరి టేబుల్ సొరుగులో ఉంటే, ఈ రోజే వెళ్లి తెచ్చుకోండి. అది మీ చేతివేలితో సమానం.

కంపెనీ పెడితే ఇల్లు భద్రం అనుకునేవాళ్లు బ్యాంకు లోను కాగితాలు కూడా ఒకసారి చదవాలి. చిన్న కంపెనీకి అప్పిచ్చేటప్పుడు బ్యాంకులు డైరెక్టర్ల వ్యక్తిగత హామీ అడుగుతాయి. ఆ హామీ మీద సంతకం చేశారంటే, చట్టం కట్టిన గోడకి మీరే తలుపు పెట్టి ఇచ్చినట్టు.

మరి కంపెనీ ఎప్పుడు పెట్టాలి? బయటివాళ్లు వాటా తీసుకుని డబ్బు పెడతామన్నప్పుడు, ఉద్యోగులకి షేర్లు ఇవ్వాలనుకున్నప్పుడు, ఒక్క పొరపాటుతో కోటి రూపాయల నష్టపరిహారం మీద పడే పని చేస్తున్నప్పుడు. యాప్ కట్టి పెట్టుబడిదారుల దగ్గరికి వెళ్లే అమ్మాయిలు మొదటి రోజే కంపెనీ పెట్టుకోవడం మంచిది, వాళ్లు షేర్లు లేని చోట డబ్బు పెట్టరు. హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే తెలంగాణ ప్రభుత్వం 2018లో పెట్టిన వీ హబ్ ఉంది, అలాంటి ఆలోచన ఉన్నవాళ్లు ఒకసారి వెళ్లి మాట్లాడండి. ఒంటరిగా ఉండి కంపెనీ కావాలంటే వన్ పర్సన్ కంపెనీ ఉంది. 50 లక్షల మూలధనం, 2 కోట్ల టర్నోవర్ దాటితే మార్చి తీరాలన్న నియమం 2021 ఏప్రిల్ నుంచి తీసేశారు. మీ తర్వాత ఎవరు అని నామినీ పేరు మొదటే రాయాలి. మా వీధి అక్క కథ విన్నాక ఆ ఒక్క నిబంధన నాకు చాలా నచ్చింది. కానీ ఆడిటూ ఫారాలూ దీనికీ తప్పవు.

ఇప్పుడు స్నేహితురాలి మాట. నా కథ ఇక్కడే ఉంది.

ఎనిమిదేళ్ల కిందట నేనూ నా స్నేహితురాలూ కలిసి మగ్గం వర్క్ జాకెట్ల వ్యాపారం పెట్టాం. తను లక్షా ఇరవై వేలు పెట్టింది, నేను నలభై వేలు. పని నాది, కొనుగోళ్లు తనవి. కాగితం రాసుకుందామా అని మా ఆయన అడిగితే నాకు కోపం వచ్చింది, అక్కాచెల్లెళ్ల లాంటివాళ్లం, కాగితమేమిటి అని. ఒక నీలిరంగు అట్ట నోటు పుస్తకం పెట్టుకున్నాం. ఎడమ పేజీ ఇచ్చినవి, కుడి పేజీ పుచ్చుకున్నవి. మొదటి పది పేజీలు ఇద్దరి దస్తూరీ ఉంటుంది. తర్వాత నాది ఒక్కదానిదే. ఆఖరి ఇరవై పేజీల్లో తేదీలు కూడా లేవు.

రెండో ఏడు వాళ్లాయనకి పుణే బదిలీ అయింది. ఏడ్చుకుంటూ సాగనంపాను. మూడు నెలల తర్వాత సూరత్ నుంచి సరుకు ఇచ్చిన ఆసామి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. తను అరువు మీద తెప్పించిన పూసలు, జరీ, గుడ్డ కలిపి రూ. 1,84,000. బిల్లు మీద మా వ్యాపారం పేరూ మా ఇంటి డోర్ నంబరూ ఉన్నాయి. అందులో చాలా సరుకు నేను చూడను కూడా లేదు. వకీలు గారి దగ్గరికి వెళ్తే ఆయన 1932 నాటి భాగస్వామ్య చట్టం తెరిచి ఒక్కోటీ చెప్పారు. వ్యాపారం కోసం ఒక భాగస్వామి చేసిన బాకీ ఇద్దరిదీ. అందులో సగం కాదు, మొత్తానికి ఎవరినైనా పట్టుకోవచ్చు. కాగితం రాసుకోకపోయినా కలిసి చేసి లాభం పంచుకుంటే అది భాగస్వామ్యమే. వాటాలు రాసుకోకపోతే లాభం సమానం, నష్టం సమానం. రోజంతా కళ్లు చిట్లించి కుట్టిందెవరో చట్టం అడగదు, పని చేసినందుకు జీతం కూడా రాసుకుంటేనే.

ఇంకొకటి కూడా చెప్పారు. ఆ వ్యాపారం రిజిస్టరు కాలేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, లేకపోతే మనకి రావలసిన బాకీల కోసం మనం కోర్టుకి వెళ్లలేం. మన మీద మాత్రం ఎవరైనా వేయొచ్చు. స్నేహితురాలి మీద వేయాలన్నా, భాగస్వామ్యం ముగించి లెక్కలు తేల్చమని అడగడం ఒక్కటే దారి. లెక్కలంటే ఏమున్నాయి? నీలి అట్ట పుస్తకం. నా నాలుగు పేటల గొలుసు తాకట్టు పెట్టి ఆయన డబ్బు కట్టేశాను. పుణేకి ఫోన్ చేస్తే మొదట్లో ఎత్తేది. తర్వాత ఎత్తడం మానేసింది. నాకు డబ్బు కన్నా ఆ ఫోను మోగి మోగి ఆగిపోవడమే ఎక్కువ బాధ. ఒక స్టాంప్ పేపరు రాసుకుని ఉంటే బహుశా ఈ రోజుకీ మేం మాట్లాడుకుంటూ ఉండేవాళ్లం.

మన పల్లెల్లో డ్వాక్రా సంఘాల ఆడవాళ్లని చూడండి. పది మందీ ఒకే వీధివాళ్లు, ఒకరి ఇంట్లో కూర ఒకరు తినేవాళ్లు. అయినా సమావేశమైన ప్రతిసారీ తీర్మానం పుస్తకం తీస్తారు. ఎవరు ఎంత పొదుపు కట్టారు, ఎవరికి ఎంత అప్పు ఇచ్చారు, అందరూ సంతకాలు చేస్తారు. సంతకం పెట్టడం వచ్చేదాకా వేలిముద్ర వేసినవాళ్లు కూడా పుస్తకం మానలేదు. నమ్మకం లేక రాసుకున్నారా వాళ్లు?

ఇద్దరు కలిసి చేయాలనుకుంటే ఇప్పుడు పాతకాలపు భాగస్వామ్యం కన్నా ఎల్ఎల్‌పీ మేలని నా అభిప్రాయం. 2008 చట్టంతో వచ్చింది. ఇద్దరు ఉంటే చాలు. ఒకరు చేసిన బాకీకి ఇంకొకరి ఇల్లు పోదు, మోసం చేస్తే తప్ప. ఏడాదికి రెండు ఫారాలు, మే 30కి ఒకటి, అక్టోబర్ 30కి ఒకటి. టర్నోవర్ 40 లక్షలో, పెట్టుబడి 25 లక్షలో దాటితేనే ఆ చట్టం కింద ఆడిట్. పన్ను 30 శాతం అన్నది దీనికున్న బరువు, ఆలస్య రుసుము ఇక్కడా ఉంటుంది. అందుకే చిన్న మిగులు ఉన్నప్పుడు తొందరపడొద్దంటాను. డబ్బు తక్కువై పాత భాగస్వామ్యమే పెట్టుకున్నా, డీడ్ రాసి రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టరు చేయించుకోండి. బయటికి వచ్చేటప్పుడు కూడా ఊరికే రావద్దు. తప్పుకున్నట్టు బహిరంగ ప్రకటన ఇవ్వకపోతే, మీరు వెళ్లిపోయాక చేసిన బాకీలకి కూడా మీ పేరు పిలిచే అవకాశం ఉంది.

మా ఇంకో చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. అది కూడా ఈ పచ్చళ్ల వ్యాపారంలో ఐదు లక్షలు పెడతానందట. ప్రవాస భారతీయులు ఇక్కడి సొంత వ్యాపారంలోనో భాగస్వామ్యంలోనో పెట్టే డబ్బు మామూలుగా తిరిగి అక్కడికి తీసుకువెళ్లే పద్ధతిలో ఉండదు. అదీగాక సొంత వ్యాపారంలో వాటా అన్న మాటే లేదు, అది అప్పో బహుమతో అవుతుంది. "అక్కకి ప్రేమగా పంపితే తీసుకో, వాటా అంటే మాత్రం ఆగు. ఆ రోజు వచ్చినప్పుడు కంపెనీ సంగతి చూద్దాం" అన్నాను.

సాయంత్రానికి దాని మనసు తేలిక పడింది. ఈ సీజనుకి సొంత పేరుతో ప్రొప్రయిటర్‌షిప్. ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఉద్యం, జీఎస్టీ, కరెంట్ అకౌంట్, ఆ వరసలో. పచ్చళ్ల బ్రాండ్ పేరుని తన పేరు మీదే ట్రేడ్‌మార్క్ చేయించుకోవడం. పచ్చళ్లు 29వ తరగతి, కారప్పొళ్లు 30వ తరగతి, ఒంటరి వ్యక్తికి ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి రూ. 4,500. ఈ ఖర్చు దండగ అనిపించింది దానికి. కాదని చెప్పాను. రేపు ఎల్ఎల్‌పీకో కంపెనీకో మారితే పాన్ మారుతుంది, దాంతో జీఎస్టీ నంబరూ, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరూ, బ్యాంకు అకౌంటూ అన్నీ కొత్తవే తీసుకోవాలి. పాత ఇంటినుంచి కొత్త ఇంటికి చేత్తో పట్టుకెళ్లగలిగేది ఆ పేరొక్కటే.

ఇంటాయనకి ఫోన్ చేసి చెప్పింది. "నీ పేరు మీదేనా? మంచిదే, నాకు ఒక రిటర్ను తగ్గింది" అన్నాడట. ఊపిరి పీల్చుకుంది పిచ్చిపిల్ల.

రాత్రి భోజనాలయ్యాక హైదరాబాద్ స్నేహితురాలికి వీడియో కాల్ చేసింది. నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది. ప్రస్తుతానికి ఆ అమ్మాయి తెచ్చిన ఆర్డర్ల మీద కమిషన్, వచ్చే ఏడాది కలిసి ఎల్ఎల్‌పీ పెట్టుకుందాం, ఒప్పందం మాత్రం ఇప్పుడే ముసాయిదా రాసుకుందాం అనుకున్నారు. నేను కొత్త నోటు పుస్తకం తీసి ఇచ్చాను. ఎవరు ఎంత పెడతారు, ఎవరు ఏ పని చేస్తారు, నెలకి ఎవరు ఎంత తీసుకుంటారు, ఎంత పైన అరువు చేయాలంటే ఇద్దరి సంతకం కావాలి. గబగబా రాసేసుకున్నారు, నవ్వుకుంటూ.

"ఇప్పుడు రాయండి, విడిపోతే" అన్నాను.

ఇద్దరూ ఒక్క క్షణం మాట్లాడలేదు. "అదెందుకు అక్కా ఇప్పుడే" అంది ఫోనులోని అమ్మాయి. "ఇప్పుడే అమ్మా, ఇద్దరూ నవ్వుతున్నప్పుడే" అన్నాను. గోంగూర పచ్చడి పాళ్లు మా అమ్మవి, అవి నావి అని మా చెల్లి రాసింది. వెబ్‌సైట్ నేను కట్టాను, దాని కోడ్ నాది అని ఆ అమ్మాయి చెప్పింది. అదీ రాసింది. తర్వాత ఇన్‌స్టా పేజీ దగ్గరికి వచ్చారు. పద్దెనిమిది వేల మంది ఫాలోవర్లు. పేజీ తెరిచింది మా చెల్లి. రీల్స్ అన్నీ చేసింది ఆ అమ్మాయి. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరా ఉంది.

పెన్ను ఆ వరుస దగ్గర ఆగింది. పదిన్నర దాటింది. ఇద్దరూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు, గొంతులు పెంచకుండా, ఒకరు చెప్పింది ఇంకొకరు వింటూ. నేను లేచి, వాళ్ల మధ్యనుంచి పుస్తకం తీయకుండా, పాలు పొయ్యి మీద పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను.